ఆ రాత్రి క్యాజువాల్టీ తెరిచే ఉంది

2025 సంక్రాంతికి తెనాలి వెళ్లాను. చైనాలో ఏదో వైరస్ వచ్చిందని, బెంగళూరులో కూడా కేసులు బయటపడ్డాయని టీవీల్లో ఒకటే హోరు. ఈ హెచ్‌ఎంపీవీ కొత్తదేం కాదు, 2001లోనే కనిపెట్టారు అని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఫోన్లలో మాత్రం మాస్కుల మనుషుల వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. అరిసెలు డబ్బాలో సర్దుతూ మా పిన్ని అంది: "ఈసారి ఏదొచ్చినా సరే, ఆసుపత్రి గడప తొక్కేది లేదు. అప్పుడు తొక్కకుండా ఉన్నవాళ్లే బతికారు."

పక్కనే కుర్చీలో బాబాయి. వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా నడిచినందుకే ఆయాసం వచ్చి కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఆ మాట నిజం కాదని ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆయనే.

పండగ పూట ఎందుకులే అని నేనూ ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పిన్ని ఒక్కతే కాదు, కరోనా గురించి మాట్లాడుకునేటప్పుడు చాలామంది ఇదే అంటారు. రేపు నిజంగానే ఇంకో మహమ్మారి వస్తే ఈ మాటే కొన్ని వేల ప్రాణాలు తీస్తుందని నా భయం. అందుకే రాస్తున్నాను.

"గ్యాసేలే"

2020 జులై. గుంటూరు జిల్లాలో కేసులు రోజురోజుకీ పెరుగుతున్నాయి. బాబాయి వాళ్ల వీధి మొదట్లో కర్రలు అడ్డం కట్టి కంటైన్‌మెంట్ జోన్ అని బోర్డు పెట్టారు. బాబాయి ఎరువుల కొట్లో గుమాస్తా. అప్పటికి 57 ఏళ్లు, షుగర్ ఉంది. ఒకరోజు సాయంత్రం ఆరున్నరకి కొట్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు. పిన్ని వాము నీళ్లు కాచి ఇచ్చింది. ఏడింటికి జెలూసిల్ తాగించారు. ఎనిమిదింటికి ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా తడిసి ముద్దయింది. తొమ్మిదింటికి దవడ లాగుతోందన్నాడు. "గ్యాసేలే, పొద్దున్నకి సర్దుకుంటుంది" అని మళ్లీ తనే అన్నాడు.

తమ్ముడు 108కి ఫోన్ చేస్తానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. అంబులెన్స్ వీధిలోకి వచ్చిందంటే ఆ ఇంటికి కరోనా ముద్ర పడ్డట్టే. ఇంట్లో అందర్నీ క్వారంటైన్‌కి తీసుకుపోతారు. పక్క సందులో ఒకాయన్ని తీసుకెళ్లారు, మళ్లీ ముఖం కూడా చూపించలేదు, మూట కట్టి మునిసిపాలిటీ వాళ్లకి ఇచ్చేశారు. ఇవన్నీ వాళ్ల కళ్ల ముందే జరుగుతున్న సంగతులు.

రాత్రి తొమ్మిదిన్నరకి తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. నేను విజయవాడలో ఉన్నాను. నేనేమన్నానో ఇక్కడ దాచకుండా చెప్పాలి. "ఈ టైమ్‌లో ఆసుపత్రంటే కరోనా వార్డులో పడేస్తారేమోరా. పొద్దున్న దాకా చూద్దాం" అన్నాను. చదువుకున్నవాణ్ని, గుండెపోటు లక్షణాలు తెలిసినవాణ్ని. సరిగ్గా రెండు వారాల కిందటే, జులై 1న, బెంజి సర్కిల్ దగ్గర 108, 104 కలిపి 1,088 వాహనాలకు జెండా ఊపారు. ఆ బారులు నేను కళ్లారా చూశాను. ఆ రాత్రి మాకు బండి లేక కాదు. మేమే పిలవలేదు.

తెల్లవారుజామున అయిదింటికి ఊపిరి అందక లేచి కూర్చున్నాడు. తమ్ముడు తెలిసినవాళ్ల కారు అడిగి ఎక్కించాడు. ఊళ్లో మొదటి ఆసుపత్రి దగ్గర గేటే తెరవలేదు. లోపలి నుంచి వాచ్‌మన్ "కరోనా టెస్టు రిపోర్టు ఉందా?" అని అడిగాడు. రెండో చోట "బెడ్లు లేవు, గుంటూరు తీసుకెళ్లండి" అన్నారు. గుంటూరు చేరేసరికి ఏడు దాటింది. నేను అప్పటికే అక్కడున్నాను.

క్యాజువాల్టీలో ఒళ్లంతా కప్పే తెల్లటి పీపీఈ కిట్‌లో ఒక డాక్టరమ్మ. కిట్ మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఉంది, అది కనిపిస్తోంది గానీ మనిషి ముఖం కనిపించడం లేదు. కళ్లద్దాలకి లోపల ఆవిరి పట్టేసింది. ఈసీజీ కాగితం చేతిలోకి తీసుకుని, అద్దంలో ఆవిరి పట్టని కాస్త జాగా లోంచి కనపడేలా తల పక్కకి వంచి చూసింది. ఆ తల వంపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"నొప్పి ఎన్నింటికి మొదలైంది?"

"రాత్రండీ" అన్నాడు తమ్ముడు.

"రాత్రంటే ఎన్నింటికి?"

"ఆరున్నరకి."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఏడూ పది. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఆ గడియారం ఏం చెప్పింది

గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట తిరక్కుండానే దాని వెనకాల కండరం చావడం మొదలవుతుంది. మొదటి ఒకటి రెండు గంటల్లో వస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 12 గంటల లోపే. స్టెంట్ వేసే చోటైతే ఆసుపత్రి చేరిన 90 నిమిషాల్లో నాళం తెరవాలని లక్ష్యం పెట్టుకుంటారు. పక్షవాతానికైతే ఇంజెక్షన్ గడువు నాలుగున్నర గంటలే. మా బాబాయి 12 గంటల గీత దాటిన 40 నిమిషాలకు వచ్చాడు. స్టెంట్ వేశారు, ప్రాణం నిలబడింది. గుండె పంపింగ్ మాత్రం 30 శాతం దగ్గర ఆగిపోయింది. కొట్టు మానేశాడు. అప్పటి నుంచి మేడ మీద సొంత గదిలోకి వెళ్లనే లేదు.

ఆయనకి ఆసుపత్రిలో కరోనా సోకలేదు. చేరిన రోజు నెగెటివ్, ఇంటికొచ్చాక చేయించినా నెగెటివ్. అంటే ఏ భయంతో మేం పన్నెండు గంటలు పోగొట్టుకున్నామో అది జరగనే లేదు. ఏ రోగాన్ని గ్యాస్ అనుకున్నామో అదే జరిగింది.

ఇది మా ఇంటి కథే అయితే ఇంత పొడుగున రాసేవాణ్ని కాదు. కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా దేశంలోని 187 ఆసుపత్రుల లెక్కలు తీసి చూసింది. 2020 మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా గుండెపోటుతో చేరినవాళ్లు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 35 శాతం తగ్గారు. అమెరికాలోనూ ఇంతే. 2020 ఏప్రిల్‌లో అక్కడి ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చినవాళ్ల సంఖ్య 42 శాతం పడిపోయిందని వాళ్ల ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పింది.

ఇక్కడ నాకూ ఒక అనుమానం వచ్చింది. అందరూ ఇళ్లలో ఉన్నారు కదా, ఉరుకులు పరుగులు తగ్గాయి కదా, రోగాలే తగ్గాయేమో? రోడ్డు ప్రమాదాలు తగ్గి ఉంటాయి, అది ఒప్పుకుంటాను. కానీ మూడు నెలల్లో మూడో వంతు గుండెపోట్లు మాయమైపోవడం ఎక్కడైనా ఉందా? అవి ఎక్కడికీ పోలేదు. వాము నీళ్ల గ్లాసుల దగ్గర, జెలూసిల్ సీసాల దగ్గర ఉండిపోయాయి.

భయానికి కారణం లేకపోలేదు

ఇంత చెప్పాక కూడా పిన్నిని నేను పూర్తిగా తప్పు పట్టలేను. గేటు తెరవని ఆ వాచ్‌మన్‌ని నేను మర్చిపోలేదు. 2020 ఏప్రిల్‌లో గద్వాల వైపు నుంచి నెలలు నిండిన ఒక అమ్మాయిని పురిటి నొప్పులతో ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పారు. రెడ్ జోన్ నుంచి వచ్చిందన్న అనుమానంతో చేర్చుకోలేదు. హైదరాబాద్ దాకా వచ్చి ఆ తల్లీ పోయింది, బిడ్డా పోయింది. సంగతి తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. ఎమర్జెన్సీలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి, తక్కినవన్నీ తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఒక కాగితం ముక్క కోసం గేట్లు మూసుకున్నాయి.

కాబట్టి "భయపడకుండా ఆసుపత్రికి రండి" అని జనానికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. వచ్చినవాణ్ని లోపలికి తీసుకునే ఏర్పాటు ఉండాలి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లకి ఒక దారి, గుండె నొప్పి, దెబ్బలు, పురుడు అన్నవాళ్లకి ఇంకో దారి. టెస్టు రిపోర్టు వచ్చేదాకా అందరినీ అనుమానితులుగానే చూస్తూ, కిట్ వేసుకుని వైద్యం మొదలుపెట్టడం. ఇవన్నీ చేయగలిగినవే. మా బాబాయికి గుంటూరులో చేసింది అదే. టెస్టుకి శాంపిల్ తీస్తూనే ఇంకో చేత్తో సెలైన్ పెట్టారు.

ఇది ఎంతవరకు సాధ్యమో చూడాలంటే విశాఖ గుర్తు చేసుకుంటే చాలు. 2020 మే 7, దేశమంతా లాక్‌డౌన్. తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ గ్యాస్ లీకైంది. ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల జనం రోడ్ల మీద పడిపోయారు. వందల మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్‌కి) తెచ్చారు. 12 మంది పోయారు, మిగతావాళ్లు చాలావరకు బతికి ఇళ్లకు వెళ్లారు. ఊపిరాడని మనిషికి ఊపిరి అందించడమంటే కరోనా రోజుల్లో డాక్టరుకి అన్నిటికన్నా ప్రమాదమైన పని. ఆ రోజు అలాంటి పని గంటల తరబడి నడిచింది.

"పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారు?"

గుంటూరులో ఆ పొద్దున మా తమ్ముడు ఆ డాక్టరమ్మని ఒక మాట అడిగాడు. "మేడం, పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారు?" ఆమె ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కిస్తూనే చెప్పింది: "వస్తారు. ఆయన వచ్చేలోపు చేయాల్సినవి నేను చేస్తున్నాను."

మనమందరం అడిగే మాటే ఇది. క్యాజువాల్టీలో ఉండేవాళ్లు మన దృష్టిలో డ్యూటీ డాక్టర్లు, పెద్ద డాక్టరు వచ్చేదాకా కాపలా కాసేవాళ్లు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ఒక ప్రత్యేక విభాగంగా మన మెడికల్ కౌన్సిల్ గుర్తించిందే 2009లో. ఎవరి రోగమేంటో తెలియనప్పుడు, పేరు కూడా తెలియనప్పుడు, మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో తెలిసినవాళ్లు వీళ్లే. కరోనాలో ఎవరికి ఉందో ఎవరికి లేదో తెలియని జనానికి అందరికన్నా ముందు ఎదురుపడిందీ వీళ్లే.

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తుంది. 2020 మార్చి 22న సాయంత్రం మేమందరం బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ సంగతి ఒకసారి అడిగాను. "ఆ పూట బాగానే అనిపించింది మామయ్యా. ఆ వారంలోనే ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు" అంది. రెండు సూట్‌కేసులతో స్నేహితురాలి గదికి మారింది. ఎన్-95 మాస్కు ఒకటిస్తే దాన్ని కాగితం కవర్లో పెట్టుకుని రోజులు మార్చి మార్చి వాడింది. ఆరు గంటల షిఫ్టులో నీళ్లు తాగడానికి లేదు, బాత్‌రూమ్‌కి వెళ్లడానికి లేదు. ముక్కు మీద మాస్కు ఒరుసుకుని పడిన మచ్చ చాలా కాలం ఉండిపోయింది.

రెండో వేవ్ గురించి మాత్రం ఎక్కువ మాట్లాడదు. ఒకే ఒక్క సంగతి చెప్పింది. 2021 మేలో ఒక రాత్రి బయట ఏడు అంబులెన్సులు ఆగి ఉన్నాయి, లోపల ఆక్సిజన్ పాయింటు ఒకటే ఖాళీ. ఒక్కో బండి ఎక్కి వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసి, ఎవరిని దించాలో చెప్పాల్సింది తనే. "ఆరుగురు నన్ను చూస్తూ ఉండగా ఒకర్ని లోపలికి తీసుకెళ్లాను మామయ్యా." ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై, ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది పోయింది కూడా ఆ నెలలోనే. రెండో వేవ్‌లోనే 700 మందికి పైగా డాక్టర్లు చనిపోయారని వాళ్ల సంఘం ఐఎంఏ లెక్క.

నోరు విప్పిన డాక్టరు

మాస్కులు లేవని చెప్పినవాళ్లకి ఏమైంది? 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ తమకి ఎన్-95లు, కిట్లు చాలినన్ని ఇవ్వడం లేదని మీడియా ముందు అన్నారు. సస్పెండ్ అయ్యారు. మేలో విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి ఆయన్ని తీసుకెళ్తున్న వీడియో మనందరం చూశాం. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి మేలో ఆయన పోయారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో మింగ్ లిన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు పదిహేడేళ్లు ఒకే ఆసుపత్రిలో పనిచేశాడు. జాగ్రత్తలు చాలడం లేదని ఫేస్‌బుక్‌లో రాశాక 2020 మార్చి చివర్లో ఆయన ఉద్యోగం పోయింది.

ఉద్యోగి పై అధికారులకే చెప్పుకోవాలి, బయటపడి రచ్చ చేస్తే జనం భయపడిపోరా అని నా స్నేహితుడొకడు వాదించాడు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ నేను రోగి వైపు నుంచి ఆలోచిస్తాను. నా బాబాయిని తీసుకెళ్లే క్యాజువాల్టీలో మాస్కులున్నాయో లేవో నాకు చెప్పగలిగినవాడు ఆ డాక్టరొక్కడే. అతను చెబితే ఉద్యోగం పోతుందని తెలిస్తే, అతను చెప్పకపోయినా నేను నమ్మను. అంతా బాగుంది రండి అని మంత్రులు వంద సార్లు చెప్పినా నమ్మను. జనం ఆసుపత్రికి ధైర్యంగా రావాలంటే అక్కడి డాక్టరుకి నిజం చెప్పే ధైర్యం ఉండాలి. డాక్టర్ల పక్షాన మాట్లాడటం, జనాన్ని ఎమర్జెన్సీకి రమ్మనడం నాకు రెండూ ఒకటే పనిగా కనబడేది ఇందుకే.

చెయ్యెత్తడం

2020 జూన్ 9 రాత్రి గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోతే బంధువులు అక్కడున్న జూనియర్ డాక్టరు మీద దాడి చేశారు. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చున్నారు. రక్షణ కావాలన్నారు, రోగులందరినీ గాంధీకే తోయకుండా మిగతా ఆసుపత్రులకూ పంచమన్నారు. నిజానికి ఆ ఏప్రిల్‌లోనే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఉంది. ఆరోగ్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే బెయిల్ దొరకని కేసు, గాయం తీవ్రమైతే ఏడేళ్ల దాకా జైలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే ఒక చట్టం ఉంది. చట్టాలకేం కొదవ లేదు.

కొట్టేవాడు ఎవడో రౌడీ అనుకునేవాణ్ని. గుంటూరులో ఆ పొద్దున, బాబాయిని లోపలికి తీసుకెళ్లాక నలభై నిమిషాలు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ డాక్టరమ్మ బయటికొచ్చి ఇంకో స్ట్రెచర్ వైపు వెళ్తుంటే మా తమ్ముడు కిట్ చెయ్యి పట్టుకుని గట్టిగా లాగాడు. భుజం దగ్గర కుట్టు పర్రుమని చిరిగింది. మా తమ్ముడు చీమకు కూడా హాని చేసేవాడు కాదు. రాత్రంతా నిద్ర లేదు, గేట్ల దగ్గర అవమానపడి వచ్చాడు. ఆమె చిరిగిన చోటు చేత్తో పట్టుకుని వెనక్కి జరిగింది. ఆ కిట్ మార్చుకుని రావడానికి పావుగంట పైనే పట్టింది. ఆ పావుగంట ఆ ఇంకో స్ట్రెచర్ మీద మనిషి ఎవరో, ఏమయ్యాడో నాకు తెలియదు.

అందుకని నేను జైలు శిక్షల కన్నా ముందు అడిగేది ఒక మనిషిని. బయట నిలబడి, పావుగంటకోసారి "మీ నాన్నగారికి ఇది చేస్తున్నారు, ఇంకా ఇంత సేపు పడుతుంది" అని బంధువులకి చెప్పే మనిషి. మేనకోడలు కూడా అదే అంది. రెండు చేతులా పని చేస్తూ ఇరవై మందికి జవాబు చెప్పలేం మామయ్యా అని.

ఇంకొకటి కూడా తరచూ వింటాను. లక్షల బిల్లులు వేసి దోచుకున్నవాళ్ల కోసం మాట్లాడతావా అని. దోపిడీ జరిగింది. 2020 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం రెండు ప్రైవేటు ఆసుపత్రులకు కరోనా చికిత్స అనుమతే రద్దు చేసింది. కానీ బిల్లు వేసేది నైట్ డ్యూటీ డాక్టరు కాదు. ఆ బిల్లులో ఆమెకి వాటా లేదు. కౌంటరు మీద కోపం క్యాజువాల్టీలో తీర్చుకుంటే లాభం ఎవరికీ లేదు.

ఫిబ్రవరిలో

ఇదంతా పిన్నికి ఒక్కసారే చెప్పలేదు. పండగ వెళ్లాక ఫోన్‌లో కొంచెం కొంచెంగా చెప్పాను. బాబాయికి పోయిన ఆ పన్నెండు గంటల సంగతి నేను ఎత్తినప్పుడల్లా "నేనే వాము నీళ్లిచ్చాను" అని ఏడ్చేది. నేనే పొద్దున్న దాకా ఆగమన్నాను పిన్నీ అని నేను అనేవాణ్ని. మేం ఇద్దరం ఆ మాట పైకి అనుకోవడానికి నాలుగున్నరేళ్లు పట్టింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసింది. "ఆయనకి చెమటలు పడుతున్నాయిరా. బండి పిలిచాను. నువ్వు తిన్నగా గుంటూరు వచ్చెయ్యి." నేను వెళ్లేసరికి ఈసీజీ తీసేశారు. గుండె కాదు, షుగర్ పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. అనవసరంగా కంగారు పెట్టామేమోనని పిన్ని నొచ్చుకుంటుంటే, డ్యూటీలో ఉన్న అమ్మాయి "షుగర్ పడిపోయినా ప్రమాదమేనమ్మా, వెంటనే తేవడమే మంచిదైంది. ఎన్నింటికి మొదలైంది?" అంది.

"పదకొండుంబావుకి" అంది పిన్ని, ఆలోచించకుండా.

ఆ అమ్మాయి రాసుకుంది. పాతికేళ్లు కూడా ఉంటాయో లేదో. పిన్ని అలవాటు కొద్దీ "పెద్ద డాక్టరు..." అని మొదలుపెట్టి ఆగింది. ఆమె ముఖం కాసేపు చూసి, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగింది.

"ఇంకా లేదండీ" అని ఆ అమ్మాయి పక్క బెడ్ దగ్గరికి వెళ్లింది.